మూడో బెజ్జం

మా గుర్రం గోధుమను అమ్మి మూడేళ్ళయింది. మా ఆవిడ ఎలీసమ్మ పోయిన నెలకే అమ్మేశాను. తల్లి చచ్చిన ఆ పిల్లను సీసాతో పాలు పట్టి బతికించింది తనే. ఆవిడ లేని ఇంట్లో ఆ గుర్రం పొద్దున్నే వంటింటి వైపు చూసి సకిలిస్తుంటే నావల్ల కాలేదు.

కొన్నది వీరవెంకటరమణ. మామిడికుదురు అవతల కొబ్బరితోటలున్న రైతు. ఆ తోటల్లో ఎలీసమ్మ ముప్పై ఏళ్ళు కాయలు పోగేసింది. ఆవిడను పూడ్చిన రోజున ఆయన సమాధుల దొడ్డి దాకా బండి మీద వచ్చాడు. ఇంజను ఆపలేదు, దిగలేదు. "పాపం" అనేసి వెళ్ళిపోయాడు. ఆయనకే ఎందుకు అమ్మావని మావాళ్ళు అడిగారు. ఆ నెలలో ఎవరడిగినా ఇచ్చేసేవాణ్ణి.

గుర్రంతోపాటు నేను కుట్టిన తోలుపట్టీ ఒకటి ఇచ్చాను. అది పొట్టపట్టీ దగ్గర మొదలై, ముందుకాళ్ళ మధ్యనుంచి పైకొచ్చి ముక్కుపట్టీకి తగులుకుంటుంది. గుర్రం తల ఎగరేయకుండా ఆపుతుంది. దానికి మూడు బెజ్జాలు. రోడ్డు మీద నడిపేటప్పుడు మొదటిది. బరువు లాగించేటప్పుడు రెండోది. మూడోది పెళ్ళి ఊరేగింపుకి. మూడో బెజ్జంలో పెడితే తల ఛాతీ దగ్గరికి వంగి, మెడ విల్లులా తిరుగుతుంది. మా వైపు పెళ్ళివారికి అలా వంగిన మెడే అందం. మెడ చాపిన గుర్రాన్ని పెళ్ళికొడుకు ఎక్కడు. అమ్మిన రోజున అది ఒక పెళ్ళినుంచి తిన్నగా వచ్చింది. పట్టీ మూడో బెజ్జంలోనే ఉంది.

"ఇలాగే ఉంచాలాండీ?" అని ఆయన కొడుకు కిషోర్ అడిగాడు.

"బావుంది కదా, అలాగే ఉండనీ" అన్నాడు రమణ.

నేను నోరు విప్పలేదు.

ఈ ఏడు దాళ్వా పంట కోతలయ్యాక, కాలువలకు నీళ్ళు ఆపకముందే, మా ఊరి చేలల్లో గుర్రాల పందెం పెట్టారు. దూకడానికి వెదురు బొంగులు కట్టి మూడు అడ్డాలు. నాలుగోది బోదె, చేలకు నీళ్ళు పారే కాలువ. రెండు బారల వెడల్పు, మొలలోతు నీళ్ళు, అడుగున బురద. చిట్టెమ్మ బొండాల బండి పక్కన నిలబడ్డాను. చిట్టెమ్మ మా ఆవిడకు చిన్ననాటి స్నేహితురాలు.

"నీ గుర్రాన్ని చూసుకోడానికి వచ్చేవా అన్నయ్యా?"

"నాది కాదు."

"మరి ఆ ముఖమేంటి, ఆముదం తాగినట్టు?"

కిషోర్ గోధుమను తిప్పుతున్నాడు. నా కళ్ళు ముందు పట్టీ మీదికే వెళ్ళాయి. అదే పట్టీ, అదే బెజ్జం. మూడేళ్ళు అక్కడే ఉండి తోలు గట్టిపడి, మడతపడిపోయింది.

దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఆ పట్టీ ఒదులు చెయ్యండి. మొదటి బెజ్జంలో పెట్టండి."

"బాబాయ్! ఒదులు చేస్తే తల ఎగరేస్తందండి. మొన్న పట్టీ విప్పినప్పుడు నా ముక్కు మీద కొట్టింది, ఇదిగో చూడండి, కుట్లు." ముక్కు చూపించి నవ్వాడు. "ఫోన్లో కూడా చూసేను. దీన్ని మార్టింగేల్ అంటారంట. దూకే గుర్రాలకి పెడతారంట."

"పెడతారు. ఇంత బిగించరు. దూకినప్పుడు మెడ చాపాలి కదా."

"తోటలో వెదుళ్ళ మీంచి రోజూ దూకుతోందండి. బావుంది."

కుర్చీలోంచి రమణ అరిచాడు. "ఏం ఇశ్రాయేలూ, అమ్మేసినదానికి ఇంకా పెత్తనమేంటి? మా వాడికి తెలవదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెప్పాల్సిన అసలు మాట నా నాలుక మీదే ఉంది. పొడి నేల మీద దూకడం వేరు, నీళ్ళ మీద దూకడం వేరు. ఆ బెజ్జంలో ఉండగా నీళ్ళలో పడితే గుర్రం ముక్కు పైకెత్తలేదు. మొలలోతులోనే చచ్చిపోతుంది. అది చెప్తే కిషోర్ వింటాడు. వాడు చెడ్డవాడు కాదు.

"ఆయ్, మీ ఇష్టమండి" అని వెనక్కి వచ్చేశాను.

మొదటి వెదురు దాటింది. రెండోది దాటింది. మూడో దానికి వెనకకాళ్ళు బొంగుకు తగిలాయి. తల చాపుదామని చూస్తోంది, పట్టీ లాగేస్తోంది. దూకిన ప్రతిసారీ మెడ సగంలో ఆగిపోతోంది. ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది.

"అన్నయ్యా, చెయ్యి వదులు" అంది చిట్టెమ్మ. నేను ఆవిడ బండి కమ్మీ పట్టుకుని ఊపేస్తున్నానట.

ఆపమని అరవడానికి అప్పటికీ సమయం ఉంది. గుర్రం బోదె దగ్గరికి ఇంకా ఇరవై అంగలు పరిగెత్తాలి. నేను కుర్చీలో ఉన్న రమణ ముఖం చూశాను. మెరిసిపోతోంది. అరవలేదు.

గోధుమ లేచింది. ముందుకాళ్ళు అవతలి గట్టుకు అందాయి. వెనకవి అందలేదు. గట్టు విరిగింది. గుర్రం వెనక్కి జారి ఒక పక్కకు పడింది. కిషోర్ ఎగిరి నీళ్ళలో పడి లేచాడు. మొలలోతే. జనం ఈలలు వేశారు. అది కూడా లేస్తుందనుకున్నారు.

లేవలేదు. కాళ్ళు బురదలో దిగబడ్డాయి. లేవాలంటే గుర్రం ముందు తల విసరాలి. తల కదలదు. ముక్కు నీళ్ళలోనే ఉంది. బుడగలు వస్తున్నాయి.

"తల ఎత్తండి! కళ్ళెం లాగండి!" అంటూ నలుగురు దూకి కళ్ళెం పైకి లాగారు. లాగినకొద్దీ పట్టీ బిగిసింది. కిషోర్ రెండు చేతులూ దాని దవడ కింద పెట్టి ఎత్తుతున్నాడు, ఏడుస్తున్నాడు.

"ఇశ్రాయేలూ!" రమణ గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. "ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను. ఆయన ముఖంలో భయం చూశాను. చూసి, ఇంకాస్త చూడాలనిపించింది. ఇది నిజం.

బుడగలు తగ్గాయి.

చిట్టెమ్మ చేతిలోంచి బొండాల కత్తి లాక్కుని దూకాను. పట్టీ నీళ్ళ కింద ఉంది. బకిల్ విప్పబోయాను, నానిన తోలు కదల్లేదు. ఊపిరి బిగబట్టి మునిగాను. బురదనీళ్ళలో ఏమీ కనబడదు. ముందుకాళ్ళ మధ్య చెయ్యి దూర్చి పట్టీ వెతికాను. డెక్క ఒకటి నా భుజానికి తగిలింది. కత్తి పట్టీ కింద దూర్చి బయటివైపు కోశాను. నేను కుట్టినదే. రెండు పొరల తోలు. తెగలేదు. మళ్ళీ కోశాను. తెగింది.

తల పైకి లేచింది. ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్మాయి. ఒక్క ఊపుతో ముందుకాళ్ళు పీక్కుని లేచి గట్టెక్కింది. వణుకుతూ నిలబడింది. బతికింది.

కిషోర్ నా చేతులు పట్టుకున్నాడు. ఒళ్ళంతా బురద. "బాబాయ్, మీరు లేకపోతే..." అని ఆగిపోయాడు. తెగిన పట్టీ నా చేతిలో వేలాడుతోంది. దాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"నీళ్ళలో పడితే ఇలా అవుతుందని మీకు ముందే తెలుసాండీ?"

అబద్ధం చెప్పొచ్చు. చుట్టూ యాభైమంది నన్ను మెచ్చుకుంటున్నారు.

"ఆయ్, తెలుసండి" అన్నాను.

వాడు నా చేతులు వదిలేశాడు. రమణ గట్టు దిగి నా ముందుకొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నీకు మా మీద ఏం కోపముందో గానీ, నోరులేని గొడ్డు ఏం చేసిందయ్యా?" అన్నాడు.

 ఎలీసమ్మను పూడ్చిన రోజున ఆయన బండి దిగకపోవడాన్ని అప్పటికీ క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు.

గోధుమ దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి వేయబోయాను. అది చెవులు వెనక్కి మడిచి పక్కకు తప్పుకుంది. కిషోర్ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఒద్దండి" అన్నాడు. ఇంకా అండీ అనే అన్నాడు.

చిట్టెమ్మ కత్తి ఆవిడకిచ్చి ఇంటికి వచ్చేశాను.