మాల తీసి చూసిన రుచి

1992లో కోటప్పకొండ మీద రుద్రాక్ష మాల వేసుకుంటూ, ఇక మందు ముట్టనని స్వామికి మాట ఇచ్చాను. ఆ సంగతి గౌస్ బాషా గారికి తెలుసు. గుంటూరులో ఆయన మిరపకాయల గోడౌన్‌లో కాయ రుచి చూసి రకం తేల్చడం నా పని. గింజ కొరికి, కాసేపు నాలుక మీద ఉంచి, ఉమ్మేసి, ఎంత కారమో చెబుతాను.

2003 ఫిబ్రవరిలో ఫ్రాన్సు నుంచి బెర్నార్ అనే వ్యాపారి వచ్చి, వాళ్ల ఊరి ఎర్ర వైన్ సీసా బల్ల మీద పెట్టాడు. అతని ఇంగ్లీషును బాషా గారి కూతురు నజ్మీన్ మాకు తెలుగులో చెప్పింది.

"మాంసం కూరల్లోకి కారప్పొడి కావాలంట నాన్నా. ఆ కూర తింటూ ఈ వైన్ తాగుతారంట. ఒకదాని రుచి ఇంకోదాన్ని మింగెయ్యకూడదు. వైన్ రుచి తెలిసినవాళ్లే పొడి కలపాలంట."

బాషా గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

"ఏం యలమందా, నమాజు చేసేవాణ్ణి నన్ను తాగమంటావా?"

"మరి మాల వేసుకున్నోణ్ణి, నన్ను తాగమంటారా?"

"భలే దొరికాం పో, ఇద్దరం!" అని నవ్వారాయన. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈ ఆర్డరు రాకపోతే తొడిమలు తీసే నలభై మంది ఆడవాళ్లకు వచ్చే వారం నుంచి పని లేదని పొద్దున్నే అనుకున్నాం.

బెర్నార్ గ్లాసులో కొంచెం పోసి, తిప్పి, వాసన చూసి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి బకెట్లో ఉమ్మేశాడు. అచ్చం నేను గింజ ఉమ్మేసినట్టే.

"మింగడా?" అన్నాను.

"రుచి చూసేటప్పుడు మింగరంట బాబాయ్," అంది నజ్మీన్.

మింగకపోతే తాగినట్టు ఎలా అవుతుంది? నన్ను నేనే అడిగాను. బయటికి వెళ్లి మాల తీసి, శాంపిల్ కాయలు వేసుకునే జేబులో పెట్టుకుని వచ్చాను.

గ్లాసు అందుకుని పుక్కిలిస్తే ముందు నేరేడు పండు వగరు తగిలింది. తర్వాత మిరియం ఘాటు. ఉమ్మేశాక కూడా వగరు పోలేదు. మూడు రకాల ద్రాక్ష కలిపారని, ఒకటి తీపికి, ఒకటి ఘాటుకి, ఒకటి రంగుకని బెర్నార్ చెప్పాడు. కాయలు చూసి నేను పొడి కలిపేదీ అలాగే.

ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద తేజ రకం కాయల కారం చల్లి తిని, వైన్ పుక్కిలించాను. నోరు భగ్గుమంది, వగరు చేదయింది. బ్యాడిగి పొడితో చూస్తే రంగే తప్ప కారం జాడ లేదు. మూడు పాళ్ల బ్యాడిగికి ఒక పాలు సన్నకాయ పొడి కలిపి, ముక్కల్ని నేతిలో పొర్లించాను. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకు తినేవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? ఈసారి కారం నాలుకకు తగిలింది గానీ కరవలేదు. వెనక వచ్చిన వైన్ నేతి జిడ్డును కడిగేసింది.

బెర్నార్ ఒక ముక్క తిని, వైన్ తాగి, ఈసారి మింగేశాడు. రెండో ముక్కకు చెయ్యి చాపాడు.

"ఖాయం నాన్నా! కానీ ఏటా యలమందయ్య బాబాయే రుచి చూసి కలపాలంట," అంది నజ్మీన్.

మాల మెడలో వేసుకుని ఇంటికి వచ్చాను. సాయంత్రం దీపం ముందు కూర్చుంటే మెడ మండింది. నా భార్య సుబ్బరావమ్మ దగ్గరకొచ్చి చూసింది.

"మాలంతా కారమేందండీ? తీసి జేబులో పెట్టారా?"

జరిగిందంతా చెప్పాను. చుక్క కూడా గొంతు దిగలేదని రెండుసార్లు చెప్పాను.

"తప్పు కాదనే కదా నోట్లో పోసుకుంది?"

"కాదనే."

"మరి మాలెందుకు తీశారు?"

మాల మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, మాల కడిగి నా చేతిలో పెట్టింది. వేసుకోమనలేదు, వద్దనీ అనలేదు. స్వామికి నలభై మంది సంగతీ తెలుసు, నా జేబు సంగతీ తెలుసు. మాల పటం ముందు పెట్టాను. శివరాత్రికి కొండెక్కి చెప్పుకునేదాకా అది అక్కడే ఉండాలనుకున్నాను.

మర్నాడు గోడౌన్ నిండా ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. బాషా గారు మాల లేని నా మెడ చూశారు.

"వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దాంలే యలమందా."

"అప్పుడు నేను మాల తియ్యనండి," అన్నాను.

అంటే రుచి చూడవా, మాలతోనే చూస్తావా అని ఆయన అడగలేదు. సీసాలో మిగిలిన వైన్ బల్ల మీద అలాగే ఉంది. మా ఇద్దరిలో ఎవరమూ దాన్ని తీసి పక్కన పెట్టలేదు.