కన్యకమ్మ రాట్నం

నూలు మీద సర్కారు కంట్రోలు ఎత్తేసిన ఏడాది ఎమ్మిగనూరు నేతగాడు వీరభద్రయ్య రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కన్యకమ్మ అంతకు ముందే చనిపోయింది. కొత్త భార్య చెన్నమ్మ రాట్నం తిప్పి కండెలు చుడితేనే అతనికి నేత సాగేది. కానీ ఆమె చెయ్యి వేస్తే చాలు, నూలు పుటుక్కున తెగేది.

"ఈ చీర ఆదోని సంతకు అందకపోతే నిన్ను మీ ఊర్లో ఇడిసొస్తా" అన్నాడు వీరభద్రయ్య మగ్గం గుంటలోంచి.

చెన్నమ్మకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. గుడ్లనీళ్లు కుక్కుకుంటూ కూర్చుంది.

అత్త తిమ్మక్క వక్కాకు నములుతూ కోడలి మెడలోని వెండి బిళ్ల వైపు చూసింది. చనిపోయిన సవతి పేర రెండో భార్య వేసుకునే బిళ్ల అది.

"కూడు ఆయమ్మకు సూపించే తింటాండావు. పూలు సూపించే ముడుస్తాండావు. మరి రాట్నం అడిగినావా మ్మే? అది ఆయమ్మ పుట్టింటినుంచి తెచ్చుకునింది."

చెన్నమ్మ రాట్నం ముందుకు జరిగింది. బిళ్లను రాట్నానికి తాకించి, "అక్కా, ముందు నువ్వు తిప్పు. నీ వంతు అయినాక నాకియ్యి" అని చెయ్యి తీసేసింది.

చక్రం కదిలింది, మెల్లగా, తర్వాత జోరుగా. నూలు తెగలేదు. కండె నిండితే చెన్నమ్మ ఇంకోటి తొడిగింది. అదీ నిండింది. పొద్దు వాలినా ఆమె వంతు రాలేదు.

ఇటు తిరగకుండానే వీరభద్రయ్య ఎన్నాళ్లకో మెత్తగా పలికాడు.

"కండె బాగా కుదిరింది, కన్యకా."

ఎవరో చెవి ఒగ్గినట్టు చక్రం నెమ్మదించింది.

అది ఆగిపోతుందేమోనన్న భయంతో చెన్నమ్మ గబుక్కున "ఊ" అంది.