సామాను అనే మాట

సిలిండర్లలో ఉన్నది విషపు గ్యాసని మేం అనకూడదు. 'సామాను' అనాలి. జర్మన్ల చెవిన పడకూడదని పైనుంచి వచ్చిన హుకుం అది. లీడ్స్‌లో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పుకునే నాకు కార్పొరల్ చారలు కుట్టి, ఫ్రాన్స్ కందకాల్లో ఈ సిలిండర్లకు కాపలా పెట్టారు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆరు వారాలపాటు, నోరు జారినవాణ్ణల్లా నేనే దండించాను.

దాడికి ముందురోజు మధ్యాహ్నం పక్క కందకంలోకి కొత్త దళం దిగింది. అందులో మా ఆవిడ తమ్ముడు సేత్ ఉన్నాడు. వాణ్ణి కాస్త కనిపెట్టి ఉండమని మార్తా ప్రతి ఉత్తరంలోనూ రాసేది.

"ఏంటి బావా, బీరు పీపాలా?" అన్నాడు సేత్, సిలిండర్‌ను బూటుతో తట్టి.

"సామాను."

"ఏం సామాను?"

"మీ కెప్టెన్ను అడుగు."

"అబ్బో, పంతులుగారు బిగుసుకుపోయారు. నిన్నట్నుంచి మాకు తిండి సామాను రాలేదు. ముందు ఆ సంగతి చూడు."

పొగ మాత్రమే వదులుతామని సేత్ దళానికి చెప్పారు. ఎవరైనా 'గ్యాస్' అని అరిస్తే నెత్తిమీది ముసుగు మొహంమీదికి దించుకోవాలని నేర్పారు. నేను సేత్ చెవిలో ఒక్క మాట ఊదితే సరిపోయేది. ఊదలేదు.

తెల్లారాక కుళాయిలు తిప్పాం. కాసేపటికే గాలి తిరిగింది. పచ్చటి పొగ వెనక్కి మళ్ళి, నేలబారుగా సేత్ వాళ్ళ కందకం వైపు పాకింది. ముసుగు పైకి లాగి గొంతు చించుకున్నాను.

"సామాను! సామాను వస్తోంది!"

అసలు మాట నోటికి రాలేదు. ఎంత పెనుగులాడినా రాలేదు. దగ్గు ముంచుకొచ్చి ముసుగు దించుకున్నాను.

కుళాయిలు కట్టేసి పరుగెత్తేసరికి పదకొండు మంది పడి ఉన్నారు. ముసుగులు నెత్తిమీదే ఉన్నాయి. కొందరు తిండి గిన్నెలు పట్టుకునే ఉన్నారు. సేత్ మూతినిండా నురగ.

"రొట్టె వచ్చిందనుకున్నాం, బావా," అన్నాడు.

సాయంత్రానికి పోయాడు.

"నీ తప్పేం లేదు. హుకుం ప్రకారమే నడుచుకున్నావు," అన్నాడు మా కెప్టెన్. ఆయన మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. కాని సెల్యూట్ చేశాను.

సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు, తమ్ముడు ఎలా పోయాడని మార్తా అడిగింది.

"జర్మన్ల గ్యాస్," అన్నాను.

మార్తా ఇప్పటికీ జర్మన్లను శాపనార్థాలు పెడుతుంది. పక్కన కూర్చుని నేను ఊఁ కొడతాను.