నీళ్ళు లేని ఈత

అమీర్‌పేటలో మెట్రో దిగి పంజాగుట్ట వైపు నడుస్తుంటే, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనకాల ఒక ఇరుకు సందు వస్తుంది. ఆ సందు చివర కాలనీ వాళ్ళ రిక్రియేషన్ సెంటర్ ఉంది. బోర్డు మీద ఏం రాసున్నా అందరూ దాన్ని క్లబ్బు అనే అంటారు.

ఛాయాదేవి రోజూ తెల్లవారుతూనే వచ్చి క్లబ్బు గేటు తీసేది. ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని, ఇంకెవరూ ముందుకు రాలేదని కాలనీ వాళ్ళు సెక్రటరీని చేశారు. భీమవరం నుంచి పెళ్ళై వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆవిడ మాటలో గోదావరి యాస పోలేదు, పని ముట్టుకుంటే వదలని గుణమూ పోలేదు. వచ్చీ రాగానే బాత్రూం తలుపులకు గడియలు పెట్టించింది. చిరిగిన టేబుల్ టెన్నిస్ నెట్ మార్పించింది. క్యారమ్ బోర్డుల మీద టీ గ్లాసులు పెట్టేవాళ్ళ చేత టీ గ్లాసులు ఎత్తించింది. రీడింగ్ రూంలో కొత్త ట్యూబులైట్లు వేయిస్తే హాస్టల్ పిల్లలు వచ్చి చదువుకోవడం మొదలుపెట్టారు.

అన్నీ ఒకసారి చూసుకున్నాక ఆఖర్న స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్ళేది. అంచున కూర్చుని చెయ్యి లోపల పెట్టి, చల్లగా ఉందనుకున్నాక లేచేది.

ఆ పూల్లో నీళ్ళు లేవు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి ఒక్కొక్కళ్ళూ లోతుగా బోర్లు వేసుకున్నాక క్లబ్బు బోరు ఎండిపోయింది. పూల్ అడుగున నీలం పెంకులు పొడిగా మెరుస్తూ ఉండేవి. అయితే ఈత కొట్టేవాళ్ళు రావడం మానలేదు. నిచ్చెన పట్టుకుని దిగితే పాత నీటిమట్టం దగ్గర మనిషి తేలేవాడు. చేతులు ఆడిస్తే ముందుకు కదిలేవాడు. మునిగితే ఊపిరి బిగపట్టాల్సిందే. పక్కనున్న వేపచెట్టు ఆకులు రాలి అడుగుకు పోకుండా గాల్లోనే ఆగిపోయేవి. కోచ్ షంషేర్ పొడుగు కర్రకు కట్టిన వలతో పొద్దున్నే వాటిని ఎత్తి పారేసేవాడు.

"టోపీ ఏది? టోపీ లేకుంటే దిగనియ్య," అని అతను కొత్తవాళ్ళ మీద విజిల్ ఊదేవాడు. "ముందుగాల షవర్ కింద నిలబడు. అందరు దిగే జాగ ఇది, జర సాఫ్ ఉంచాలె."

ఆ షవర్లోనూ నీళ్ళు రావు కాబట్టి వాళ్ళు బకెట్ నీళ్ళతో స్నానం చేసి వచ్చి, పొడిగా ఉన్న గుంటలో ఈదేవాళ్ళు.

ఆడవాళ్ళకు విడిగా ఒక గంట ఉండాలని పట్టుబట్టింది ఛాయాదేవే. ముందు ఎవరూ పేరివ్వలేదు. ఏ బట్టలతో దిగాలన్నదే అందరి బెంగ. ఆవిడ సందు మొదట్లో టైలరింగ్ షాపు నడిపే ఫఖ్రున్నీసా దగ్గరికి వెళ్ళింది. మెడ నుంచి మడమల దాకా కప్పే డ్రెస్సులు కుట్టమని అడిగితే, ఆ పెద్దావిడ కుట్టి ఇచ్చి, "కుట్టిన బట్ట సరిగ్గ ఉన్నదా లేదా నేనే చూడాలె గదా," అని తనే మొదట దిగింది.

ఆ రోజు ఛాయాదేవి ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. ఫఖ్రున్నీసా కాళ్ళు మెట్టు వదిలాయి. బరువైన ఒళ్ళు మెల్లగా పైకి తేలి వెల్లకిలా తిరిగింది. ఆవిడ కాసేపు ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారాయి.

"ఏమైందండీ? భయమేస్తోందా?"

"లేదమ్మా. చిన్నప్పుడు మా అమ్మీ ఎత్తుకునేది. మళ్ళ గిప్పుడే నన్ను ఎవరో ఎత్తుకున్నరు," అంది ఫఖ్రున్నీసా.

ఆ మాట సందంతా పాకింది. వారం తిరిగేసరికి ఆడవాళ్ళ గంటలో పూల్ నిండిపోయింది.

క్లబ్బుకు ప్రెసిడెంటు రఘురామ్ గారు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. పొద్దున్నే వచ్చి వరండాలో పేము కుర్చీలో కూర్చునేవాడు, దీపాలు ఆర్పేవేళకు లేచేవాడు. ఎప్పుడూ పూల్లో దిగలేదు.

మూడేళ్ళ కిందట ఆయన భార్యకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ సందు మొదట్లోనే ఆగిపోయింది. రెండు వైపులా కార్లు. ఒక కారువాడు ఎక్కడున్నాడో తెలీదు, ఇంకో కారువాడు ఫోన్ ఎత్తలేదు. ఆవిణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుంటూ కార్ల మధ్య సందులు వెతుక్కుంటూ వెళ్ళారు. రోడ్డు ఎక్కేసరికే అయిపోయింది. అప్పట్నుంచీ రఘురామ్ గారు మంచం మీద పడుకోలేదు. నడుం వాలిస్తే చాలు ఉలిక్కిపడి లేచిపోతారని, కుర్చీలోనే కాసేపు జోగుతారని కూతురు ధాత్రి ఒకసారి ఛాయాదేవితో చెప్పి బాధపడింది.

వానాకాలం మొదట్లో, బల్కంపేటలో బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో, ఆయన జనరల్ బాడీ మీటింగు పెట్టించాడు.

"పూల్ పూడ్చేసి పైన కాంక్రీటు వేద్దాం," అన్నాడు. "సందులో కార్లన్నీ ఇక్కడ పెట్టుకోవచ్చు. దారి ఖాళీ అవుతుంది."

ఆ స్ట్రెచర్‌ను చూడని మనిషి ఆ హాల్లో లేడు. చూసీ చెయ్యి వెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఛాయాదేవి లేచింది. "దారి ఖాళీ అవ్వాల్సిందేనండీ. కానీ వెనకాల పాత షెడ్డు ఉంది కదా. విరిగిన కుర్చీలు తప్ప అందులో ఏవీ లేవు. అది తీసేసి వెనక గోడకి గేటు పెట్టిస్తే కార్లన్నీ అక్కడే పడతాయి."

"గోడ కొట్టాలంటే పర్మిషన్లు, షెడ్డు దగ్గర గుంతలు పూడ్చడం, నెలలు పడుతుంది ఛాయాదేవి గారూ. ఈలోగా ఇంకో బండి వచ్చి ఆ మూల ఆగిపోతే?" అన్నాడాయన. గొంతు పెంచలేదు.

చేతులెత్తమంటే ఎక్కువ చేతులు పూడ్చడానికే లేచాయి. ఛాయాదేవికి కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే తనూ అదే అడిగేదేమో అనిపించింది. అయినా ఇంటికి వెళ్ళాక అన్నం సయించలేదు.

మట్టి లారీ వచ్చిన రోజు పొద్దున ఎవర్నీ పూల్లో దిగనివ్వలేదు. ఆడవాళ్ళు కుట్టించుకున్న డ్రెస్సుల్లోనే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. షంషేర్ మెడలో విజిల్ తీయలేదు. కాంట్రాక్టరు మొగిలయ్య మనుషులు తట్టలతో మట్టి తెచ్చి మొదటి తట్ట బోర్లించారు.

మట్టి పడలేదు. అంచు కిందే ఆగి, ఎర్రగా పరుచుకుని, మెల్లగా తేలుతూ మధ్యకు పోయింది. ఇంకో తట్ట పోశారు. అదీ అంతే.

షంషేర్ విజిల్ ఊదాడు. "గీ కచ్రా ఎవరు తీయాలె? నేనే తీయాలె గదా!" అంటూ వల తెచ్చి మట్టిని ఒడ్డుకు లాగడం మొదలుపెట్టాడు.

"సారూ, దిగుతలేదు," అన్నాడు మొగిలయ్య తల గోక్కుంటూ. "పైకెల్లి పోస్తే గిట్లనే తేలుతది. అడుగుకెల్లి పేర్చుకుంట రావాలె. ముందుగాల కింద నీళ్ళు పోయే జాలీ మూయాలె."

"జాలీ ఎక్కడుందో నాకు తెలుసు. చూపిస్తా," అని రఘురామ్ గారు చెప్పులు విడిచి నిచ్చెన పట్టుకున్నాడు.

ఛాయాదేవి ఆపబోయి ఆగిపోయింది. ఆయన ఒక మెట్టు దిగాడు, ఇంకోటి దిగాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టబోతే కాలు అందలేదు. పంచె అంచు ఒంటికి అంటుకోకుండా చుట్టూ విచ్చుకుంది. కిందికి పోవాలని ఆయన నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. లోపల ఉన్నదేదో ఒప్పుకోలేదు. వేళ్ళు ఒక్కొక్కటీ జారాయి. నడుం పైకి లేచింది. కాళ్ళు తేలాయి. ఆయన వెల్లకిలా తిరిగి, చెవుల దాకా మునిగాడు.

ఆ పూల్లో చెవులు మునిగితే ఏమవుతుందో ఛాయాదేవికి తెలుసు. పైన మెట్రో పోతున్నా వినబడదు. హారన్లు, డప్పులు, కోచింగ్ సెంటర్ల మైకులు, ఏవీ ఉండవు. తన గుండె చప్పుడొక్కటే ఉంటుంది, అదీ దూరంగా.

రఘురామ్ గారి కళ్ళు పెద్దవిగా తెరుచుకున్నాయి. నాలుగు వైపులా అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన చదరపు ముక్క ఆకాశం కనిపిస్తున్నట్టుంది. కాసేపు అలాగే చూశాడు. పిడికిళ్ళు విడివడ్డాయి. దవడ వదులైంది. కళ్ళు మూతపడ్డాయి.

షంషేర్ చొక్కా విప్పి దూకడానికి సిద్ధమయ్యాడు. అంతలో సన్నగా గురక వినిపించింది.

"సో గయే," అంది ఫఖ్రున్నీసా గుసగుసగా. "పడుకున్నరు."

అక్కడున్న వాళ్ళెవరూ కదల్లేదు. చీపురు పట్టుకున్న మనిషి చీపురు పట్టుకునే ఉండిపోయింది. మట్టి తట్ట నెత్తిన ఉన్నవాడు దించడం మర్చిపోయాడు.

మెల్లగా ఆయన అంచుకేసి కొట్టుకొచ్చాడు. తల గట్టుకు తగిలేలా ఉంటే ఫఖ్రున్నీసా చప్పుడు కాకుండా దిగి, భుజం మీద చెయ్యి వేసి మధ్యకు నెట్టింది. తర్వాత ఇంకొకావిడ దిగింది. ఆ గంటంతా ఆడవాళ్ళు ఆయన చుట్టూ ఈదారు, ఒక్కళ్ళూ చప్పుడయ్యేలా చెయ్యి కొట్టలేదు. అటువైపు వస్తే ఇటువైపు, ఇటువైపు వస్తే అటువైపు, పసిపిల్లాడి ఉయ్యాల ఊపినట్టు వేలి కొసలతో నెట్టారు.

ఛాయాదేవి ఫోన్ చేస్తే ధాత్రి ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. గట్టు మీద ఆగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాన్న పడుకుని నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో ఆంటీ," అని, బ్యాగు పక్కన పెట్టి, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది.

క్యారమ్ ఆడేవాళ్ళు మధ్యాహ్నం స్ట్రైకర్లు ముట్టుకోలేదు. రీడింగ్ రూం పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. మొగిలయ్య కాసేపు విసుక్కున్నాడు, కాసేపు గడియారం చూసుకున్నాడు, చివరికి లారీ నీడలో తువ్వాలు పరుచుకుని తనూ పడుకున్నాడు. చినుకులు పడితే షంషేర్ క్లబ్బు మీటింగులప్పుడు వేసే పెద్ద గొడుగు తెచ్చి, మెడలోతు దిగి, రఘురామ్ గారి మొహం మీద పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకున్నాడు.

ఎండ పక్క అపార్ట్‌మెంటు పై అంతస్తుకు ఎక్కేవేళకు ఆయన కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. తనే చేతులు ఆడించుకుంటూ నిచ్చెన దగ్గరికి వచ్చాడు. ఈత ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పైకి ఎక్కి గట్టు మీద నిలబడి కూతుర్ని చూశాడు.

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు.

ధాత్రి లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

గేటు దగ్గర లారీ కనిపించి ఆయన ఆగిపోయాడు. మొగిలయ్య తువ్వాలు దులుపుకుంటూ లేచి, "సారూ, మట్టి ఏం జేద్దాం?" అన్నాడు.

రఘురామ్ గారు వెనక్కి తిరిగి పూల్ వంక, గొడుగు మడుస్తున్న షంషేర్ వంక, డ్రెస్సుల్లో నిలబడ్డ ఆడవాళ్ళ వంక చూశాడు.

"వెనక షెడ్డు దగ్గర గుంతల్లో పోయించు. సరిపోతుందిగా?"

"మస్తు సరిపోతది సార్."

"ఛాయాదేవి గారూ, ఆ రోజు మీరు వెనక గోడ గురించి చెప్పారు కదా. బదులైతే చెప్పాను గానీ, అసలు విననే లేదండీ," అన్నాడాయన. "పర్మిషన్ కాయితాలు నేను చూసుకుంటా. గేటు పెట్టేదాకా మాత్రం ఒకవైపే కార్లు. రెండోవైపు ఎవడైనా పెడితే నేనే వెళ్ళి తలుపు కొడతా."

"నేనూ వస్తానండీ," అంది ఛాయాదేవి.

మర్నాడు పొద్దున ఆవిడ గేటు తీసింది. మొగిలయ్య మనుషులు వెనక షెడ్డు రేకులు దింపుతున్నారు. ఆడవాళ్ళు వచ్చి ఈది వెళ్ళిపోయారు. వరండాలో పేము కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. అది ఎప్పుడూ ఖాళీగా ఉండగా ఆవిడ చూడలేదు. ఎండ ముదిరినా ఆయన రాకపోయేసరికి తాళాలు షంషేర్ చేతిలో పెట్టి, సందు దాటి వాళ్ళ అపార్ట్‌మెంటుకు వెళ్ళింది.

ధాత్రి తలుపు తీసి పెదవుల మీద వేలు పెట్టింది.

"ఇంకా లేవలేదు ఆంటీ."

పడగ్గది తలుపు ఓరగా ఉంది. రఘురామ్ గారు వెల్లకిలా, చేతులు చాచి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. పరుపుకూ ఆయన వీపుకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. దుప్పటి అంచులు రెండు వైపులా వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి ఆయన మెల్లగా కిటికీ వైపు జరుగుతున్నాడు.

ఛాయాదేవి చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి, ధాత్రి చెవి దగ్గర చెప్పింది.

"ఫ్యాను ఒక్క నంబరు తగ్గించమ్మా. గోడకి తగిలి లేచిపోతారు."