నల్లదారం కట్టిన గొట్టం

మా పిల్లి పేరు తాసిల్దారు. ఏ పనీ చేయకుండా వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఎగాదిగా చూస్తుందని మా ఆయన శేషన్న పెట్టిన పేరది. ఆయనకు అదంటే ప్రాణం. పాలన్నం తను సగం తిని, సగం దానికి పెట్టేవాడు. ఇద్దరూ ఒకే జబ్బు తెచ్చుకున్నారు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయనకు చక్కెర జబ్బని పెరట్లో చీమలు చెప్పాయి. తర్వాత కొన్నాళ్ళకు పిల్లి పోసుకునే బూడిద కుప్పకు కూడా చీమలు బారులు కట్టాయి. అది గిన్నెల కొద్దీ నీళ్ళు తాగుతోంది, ఎంత తిన్నా వెన్నెముక పైకి తేలుతోంది. గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, మైదుకూరు నుంచి కడప బస్సెక్కాను.

పశువుల డాక్టరు ఎద్దుల మధ్య నా గంపను చూసి నవ్వాడు. సంగతంతా విన్నాక నవ్వలేదు.

"పిల్లులకూ వస్తుందని చదివానమ్మా. వైద్యం మాత్రం ఇంతవరకు చేయలేదు. మీకు సూది వేయడం వచ్చునా?"

"మా ఇంటాయనకు దినామూ నేనే ఏస్తాండా సార్."

అన్నం, పాలు మాన్పించి మాంసం పెట్టమన్నాడు. ఇన్సులిన్ చాలా కొద్దిగా, అదీ తిన్నాకే వేయమన్నాడు. రోజూ గాజు గొట్టంలో మూత్రం పరీక్ష చేసి, ఎర్రగా వస్తే సిరంజిలో ఒక గీత పెంచమనీ, నీలంగా వస్తే తగ్గించమనీ చెప్పాడు. "చక్కెర మరీ పెరిగినా పిల్లి పడిపోతుంది, మరీ తగ్గినా పడిపోతుంది. పెరిగితే సూది, తగ్గితే బెల్లం నీళ్ళు. ఏది వేయాలో గొట్టమే చెప్తుంది. ఒకదానికి ఒకటి వేశారో, పిల్లి దక్కదు."

అప్పటి నుంచి మా వంటింటి గూట్లో తడి ఇసుక కుండ, అందులో చల్లగా ఇన్సులిన్ సీసా. కాఫీ నీళ్ళ కంటే ముందు సిరంజి నీళ్ళు కాగేవి. బూడిద మీద రేకు పళ్ళెం పెట్టి పిల్లిది పట్టేదాన్ని. రెండు గాజు గొట్టాల్లో నీలం మందు పోసి, పిల్లివి ఒకదానిలో, మా ఆయనవి ఒకదానిలో చుక్కలు వేసి కాచేదాన్ని. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చకు, ఎక్కువుంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఏది ఎవరిదో మారిపోకుండా పిల్లి గొట్టానికి నల్లదారం కట్టాను.

తాసిల్దారు బుద్ధిమంతుడు. ఉడికించిన కార్జం పెడితే నాకి నాకి తినేవాడు. మళ్ళీ ఒళ్ళు చేశాడు, గొట్టం ఎరుపు నుంచి ఆకుపచ్చకు దిగింది. మా ఆయన మాత్రం కొర్రన్నం ముందు కూర్చుని "ఇది కోళ్ళ మేత" అనేవాడు. కాలి మీద పుండు మానడం లేదు. ఇట్లాగే తింటే కాలు తీసేయాల్సి వస్తుందని పెద్దాసుపత్రిలో చెప్పారు. నేను బెల్లం పెట్టెలో పెట్టి బీగం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. అయినా ఆయన గొట్టం ఎర్రబడుతూనే ఉండేది. అడిగితే "మందు పాతదేమో" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఆయన ముందు ఏడవలేక ఆయన్ను తిట్టేదాన్ని.

ఒకసారి వేంపల్లెలో దాయాదుల గృహప్రవేశానికి పోయి వచ్చాడు. మర్నాడు పొద్దున రెండు గొట్టాలూ కాగుతుండగా దూడ పలుపు తెంచుకుంది. నేను దాన్ని కట్టేసి వచ్చేసరికి నల్లదారం గొట్టం ఇటుక రంగులో ఉంది, రెండోది నీలం.

"సూసినావా మే, నాది నీలం. కొర్రన్నం మహిమ!"

నాకు పట్టరాని సంతోషం. పిల్లి మీద జాలేసింది. దానికి తినిపించి, ఒక గీత ఎక్కువే వేశాను.

మధ్యాహ్నం వంట దించుతుంటే తాసిల్దారు రోలు దగ్గర తూలుతూ కనిపించాడు. వెనక కాళ్ళు మడిచి పడిపోయాడు. దవడలు కొట్టుకుంటున్నాయి. ఇంకా పెరిగిపోయిందనుకుని నేను సిరంజి నింపాను. అరుగు మీదున్న మా ఆయన పరుగున వచ్చాడు.

"ఆగు మే! ఏం జేస్తాండావు?"

"కండ్లు కనపడ్లేదా? సక్కెర పెరిగి పడిపోయిండాది. పొద్దున గొట్టం ఎర్రగా ఉండె గదా!"

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎయ్యద్దు. ఆ ఎర్రది దానిది గాదు."

"మరి ఎవురిది?"

"నాది. నువ్వు దూడ దగ్గరికి పొయినప్పుడు దారం మార్చినా. వేంపల్లెలో బెల్లం పూర్ణం ఓళిగలు తింటి."

సిరంజి కింద పెట్టి పెట్టె దగ్గరికి ఉరికాను. తొందరలో తాళంచెవి బీగంలోకి పోలేదు. అంతలో ఆయన కుంటుకుంటూ శనక్కాయల మూట దగ్గరికి పోయి, భుజం దాకా చెయ్యి దూర్చి ఒక గుడ్డమూట బయటికి లాగాడు. అందులో పిడికెడు బెల్లం ముద్ద! నీళ్ళలో కలిపిచ్చాను. ఆయన వేలితో పిల్లి చిగుళ్ళకు రుద్దాడు, మళ్ళీ రుద్దాడు. కాసేపటికి నాలుక కదిలింది. ఆ తర్వాత ఆయన వేలు నాకింది. ఇంకాసేపటికి తలెత్తి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

ఆయన చిన్నపిల్లోడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఏడుపు అయిపోయాక నాకు కోపమొచ్చింది.

"పిల్లి సచ్చిపోతాదని నిజం జెప్పినావు. నువ్వు యాడ సచ్చిపోతావోనని నేను దినామూ సస్తాండానే, నాకెందుకు జెప్పలా?"

ఆయన మిగిలిన బెల్లం తెచ్చి గూట్లో ఇసుక కుండ పక్కన పెట్టాడు.

"ఇది తాసిల్దారు మందు. బీగం ఎయ్యద్దు, అందుబాట్లో ఉండాల. నేను ముట్టను."

మర్నాడు పొద్దున గొట్టాలు కాగుతున్నంతసేపూ ఆయన దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నల్లదారం గొట్టం ఆకుపచ్చగా వచ్చింది. రెండోది ఇటుక రంగుకు తిరిగింది.

"నాదే," అన్నాడు, నేనడగకముందే.

సిరంజి తీసుకుని చెయ్యి చాపమన్నాను.