రిహార్సల్‌లో పలకకూడని మాట

రాణి గౌను నడుము దగ్గర మూడంగుళాలు లోపలికి పట్టి కుట్టమని కెజియాకు చెప్పాడు ఆమె భర్త ఆంబ్రోస్. గౌను కెజియాది. పంతొమ్మిదేళ్లుగా రాణి వేషమూ ఆమెదే. "ఇకనుంచి రాణి వేసే మిస్ ఫెన్‌ది సన్నటి నడుము," అన్నాడు టీలో రొట్టె ముంచుకుంటూ, వాన పడేట్టుందే అన్నంత తేలిగ్గా. "నీకేం తక్కువ చేశాను చెప్పు? స్టేజీ పక్కన వింగ్‌లో కూచుని, మరిచిపోయినవాళ్లకు మాట అందిస్తూ ఉంటావు. నీ మోకాళ్లకూ సుఖం."

మాట అందించడం ఆమెకు కొత్తా? కంపెనీ ఆయనది, నాయకుడి వేషం ఆయనది, ఊరూరా గోడల మీద పెద్దక్షరాల పేరూ ఆయనదే. ఒక్క నాటకమూ పూర్తిగా నోటికి రాదు. రాణిగా సింహాసనం మీద కూచునే, పెదవి కదలకుండా ఆయన మాటలు ఆయనకు అందించేది. అందరి పాఠాలు రాసివ్వడం, కిరీటాలకు బంగారు కాగితం అంటించడం, ఆదివారం ఊరు మారేటప్పుడు పెట్టెలు సర్దడం, అన్నీ ఆమే. "నాటకాలవాడి పెళ్లాం ట్రంకుపెట్టెతో సమానం. దించినచోట ఉండాలి," అని పెళ్లినాడే చెప్పి నవ్వింది అత్తగారు. కెజియా కూడా నవ్వింది. ఆనాటి తన నవ్వు తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ప్రెస్టన్ ఊరి థియేటర్‌లో శుక్రవారం పొద్దున్నే రిహార్సల్. ఐడా ఫెన్ చెడ్డ పిల్లేం కాదు. "ఇక్కడ ఎలా నడవాలమ్మా?" అని అడిగితే కెజియా నడిచి చూపించింది. మూడో అంకంలో రాణి చచ్చిన బిడ్డ మీద పడి ఏడవాలి. ఐడా ఏడ్చింది. ఆంబ్రోస్ కంటికి ఆనలేదు.

"కెజియా! పిల్లకు నీ ఏడుపు నేర్పు. అదే, ఆ కార్లైల్ ఏడుపు."

పదిహేడేళ్ల కిందట కార్లైల్‌లో నాలుగు నెలల కొడుకును మట్టిలో పెట్టిన మర్నాడే ఆదివారం. కంపెనీ రైలు ఎవరి కోసమూ ఆగదు. ప్లాట్‌ఫారం మీద కూలబడిన ఆమె చెవిలో ఆంబ్రోస్ అన్నాడు: "ఈ ఏడుపు దాచుకో. రేపు మూడో అంకంలో పనికొస్తుంది." దాచుకుంది. పనికొచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన దానికి పేరు కూడా పెట్టాడు. ఇప్పుడు అది కూడా గౌనులాగే ఇంకొకరి కొలతకు కుట్టాలి కాబోలు.

"ముందు చివరిదాకా కానివ్వండి," అంది కెజియా.

నాటకంలో ఆఖరి మాట రాణిది. కానీ ఏ నాటకంలోనైనా ఆఖరి మాటను రిహార్సల్‌లో ఎవరూ పలకరు. పలికితే ఆ నాటకం అక్కడితో సరి, ఇక లేవదని వాళ్ల నమ్మకం. ఐడా సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది. "అమ్మయ్య, ఇక బీరు!" అని ముసలి హాస్యగాడు జోబ్ టోపీ అందుకున్నాడు.

కెజియా వింగ్‌లోంచి రంగస్థలం మధ్యకు వచ్చి, రాణి గొంతుతో పలికింది:

"వెళ్లేవాళ్లకు తలుపు తీయండి. ఉండేవాళ్లు మీ దీపం మీరే పెట్టుకోండి."

జోబ్ చేతిలో టోపీ కింద పడింది. "ఎంత పని చేశావమ్మా!" అన్నాడు.

"పిచ్చెక్కిందా?" ఆంబ్రోస్ అరిచాడు. "నాటకాన్ని చంపేశావు కదే!"

"అయితే ఏడ్చేవాళ్లను వెతుక్కోండి," అంది కెజియా, తన టోపీ నాడాలు గడ్డం కింద ముడేసుకుంటూ. "నేను కార్లైల్ పోతున్నా. వాడక్కడ ఒక్కడే ఉన్నాడు."

"కెజియా, నువ్వు లేకపోతే నేను... నేను..."

మాట దొరక్క, అలవాటు కొద్దీ వింగ్‌లో కెజియా కూచునే కుర్చీ వైపు తిరిగాడు. కుర్చీలో పుస్తకం ఒక్కటే ఉంది.

ఆ మాటేమిటో కెజియాకు తెలుసు. అందించలేదు.