కండెల కూలి

"నీకు ఆదాయం యాడుంది? సున్నా పెట్టు. దానికింత పంచాయితీ ఏంది?" మగ్గం మీది నుంచే మా ఆయన ధనుంజయ మళ్లీ అన్నాడు.

నా పేర క్రెడిట్ కార్డు తీసుకుందామని ఆదోని బ్యాంకు నుంచి ఫారం తెచ్చింది మా కూతురు దీప. అందులో 'ఏడాది ఆదాయం' గడి దగ్గరే ఆగింది.

"ఇరవై ఏండ్లుగా నీ మగ్గానికి దారం కండెలు చుట్టింది సున్నానా?" అన్నాను.

"అది చీర కూలిలోనే కలిసుంది. మళ్లీ నీ పేర రాస్తే దొంగ లెక్క గదా!"

"కండెలు లేకుంటే గాలి నేస్తావా నాయనా?" దీప నవ్వింది.

ఆయన మాటా నిజమే. కూలంతా ఆయన ఖాతాకే వస్తుంది. మా అత్త ఉచ్చీరమ్మ ఉన్నప్పుడు అట్లా కాదు. ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చిన నన్ను రాట్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని ఆమే పని నేర్పింది. నేత ముగిసి మగ్గం మీంచి చీర కోసిన ప్రతిసారీ, కొడుక్కంటే ముందు నా చేతిలో కండెల కూలి పెట్టేది. ఆ డబ్బుతోనే ఉరుకుంద తిరునాళ్లలో ఎర్రగాజులు వేయించుకున్నాను. ఆమెతోపాటే ఆ పద్ధతీ పోయింది.

ఫారం మడిచి రాట్నం పక్కన పెట్టాను.

మధ్యాహ్నం మా మామ, మా ఆయన, దీప అన్నానికి కూర్చున్నాక మెల్లగా చెప్పాను.

"ఈ చీర నుంచి కండెల కూలి నా ఖాతాలో పడాల. ఆర్నెల్లు పడినాక, ఆ లెక్కే ఆదాయం కింద పెట్టి ఫారం నేనే రాస్తా."